మోటారు సైకిలు ఆయిలు మార్చుటకు తగిన పనిముట్లు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో విత్తనశుద్ధిని గురించియో, ఎరువుల మోతాదును గురించియో మాట్లాడుటకు నన్ను పిలుచుట వాడుక. ఈ దినము నేను చెప్పబోవునది అట్టి విషయము కాదు. మీలో చాలమంది ఈ ఆవరణలోనికి దేనిమీద వచ్చినారో దానిని గురించియే చెప్పదలచితిని. బయట చెట్టు నీడన నిలిపియున్న మోటారు సైకిళ్ళను ఒకసారి తలచుకొనుడు. మన పల్లెలలో అది ఇప్పుడు విలాసవస్తువు కాదు. పాలక్యాను దానిమీదనే పోవును. విత్తనాల సంచి దానిమీదనే వచ్చును. తెల్లవారుజామున కరెంటు వచ్చువేళకు బోరు మోటారు వేయబోవు రైతు దానిమీదనే పోవును. రాత్రివేళ ఇంటిలో ఎవరికైన సుస్తీ చేసినచో ఆసుపత్రికి మొదట బయలుదేరునదియు అదియే. కనుక అదియు మన వ్యవసాయపు పనిముట్లలో ఒకటి. ఎద్దులకు వేళకు మేత వేయుట ఎంత అవసరమో, దాని ఇంజనులోని ఆయిలును వేళకు మార్చుట అంత అవసరము.

ఆయిలు మార్చుట కష్టమైన పని కాదు. అన్నియు దగ్గర నుంచుకొన్నచో అరగంటలో తీరిపోవును. అయినను చాల ఇండ్లలో ఈ చిన్నపని పెద్ద నష్టమునకు దారితీయుచున్నది. చేయువానికి తెలివి లేకపోవుట దీనికి కారణము కాదు. చేతికి అందిన పనిముట్టుతో పని కానిచ్చుకొందమను తొందరయే కారణము. తగని పనిముట్టు వలన పని ఆలస్యమగుట ఒక్కటియే నష్టము కాదు. తరువాత తగిన పనిముట్టు తెచ్చినను, అది పట్టుకొనుటకు చోటు లేకుండ పోవును. నేను ఈ దినము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

నాకు జరిగిన నష్టము

ఇది ఇతరులను చూచి చెప్పుచున్న మాట కాదు. నేను ఉద్యోగములో చేరిన మొదటి సంవత్సరము, వేరుసెనగ పండించు ఒక గ్రామమునకు మరునాటి ఉదయము వెళ్ళవలసియుండెను. పైరు ఆకులపై మచ్చలు కనిపించుచున్నవని అక్కడి రైతులు కబురు చేసియుండిరి. దూరప్రయాణము గదా, ఆయిలు మార్చి పోవుదమనుకొంటిని. ఇంటిలో సరియైన పానా లేదు. దవడలు అరిగి వదులైన స్క్రూపానా ఒకటి మాత్రము కలదు. దానినే బోల్టుకు తగిలించి బలముగా లాగితిని. జారెను. మరల లాగితిని. మరల జారెను. మూడవసారికి బోల్టు తలకున్న ఆరు మూలలు అరిగి గుండ్రనైనవి. అప్పటికైన ఆగవలసినది. ఆగలేదు. ఉలి, సుత్తి తెచ్చి అంచున కొట్టితిని. బోల్టు ఊడివచ్చెను. పాత ఆయిలు దిగెను. అదే బోల్టును మరల పెట్టి, దారిలో ఊడిపోవునేమోయను భయముతో, పక్కింటి నుండి పొడవైన పైపురెంచి తెచ్చి ఉన్న బలమంతయు పెట్టి బిగించితిని. చేతి క్రింద ఏదో ఒక్కసారిగా సడలినట్లు తెలిసెను. బిగిసినదనుకొంటిని. నిజమునకు ఇంజను గుల్లలోని మరలు తెగినవి.

మరునాడు కొంతదూరము పోవునప్పటికి ఇంజను చప్పుడు మారెను. బండి ఆపి వెనుకకు చూడగా రోడ్డు వెంబడి సన్నని నల్లని చార కనిపించెను. అటు తరువాత బండి కదలలేదు. ఆ దారిన వచ్చుచున్న ఒక పెద్ద రైతు నన్ను, నా బండిని తన ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించుకొనెను. బోల్టు తలను వ్రేలితో తడిమి చూచి ఆయన, "నాగలికి పట్టని చీల దిగ్గొడితే నాగలే పగులుతుంది గదండీ. ఇనుమైనా అంతే" అనెను. నాలుగేండ్లు వ్యవసాయ కళాశాలలో చదివి, ఆ పైన మరి రెండేండ్లు చదివినవాడను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

నేను గ్రామము చేరునప్పటికి మధ్యాహ్నము దాటెను. రైతులు చూచి చూచి ఎవరి పనికి వారు పోయిరి. వారిలో ఇద్దరు ఆ పూటనే అంగడిలో ఇచ్చిన పురుగుమందు తెచ్చి చల్లియుండిరి. వారి చేలలో ఉన్నది ఆకుమచ్చ తెగులు. అది శిలీంధ్రము వలన వచ్చునది. పురుగుమందు దానిని ఏమియు చేయజాలదు. వారి డబ్బు, శ్రమ రెండును వ్యర్థమైనవి. నా ఇంజను మరమ్మతు ఖర్చు నేనే పెట్టుకొంటిని. దానితో మంచి పానాల పెట్టెలు ఎన్నియో కొనవచ్చును. కాని ఆ ఇద్దరి నష్టము నేను తీర్చలేకపోతిని. ఒక్క పానా లేకపోవుట వలన ఇంత జరిగెను. అందువలననే ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

మొదట బోల్టు కొలత తెలిసికొనుడు

ఇంజను అడుగుభాగమున పాత ఆయిలు దింపుటకు ఒక బోల్టు ఉండును. దానిని డ్రెయిన్ బోల్టు అందురు. దాని తలకు ఆరు పలకలుండును. ఎదురెదురు పలకల మధ్య దూరము ఎన్ని మిల్లీమీటర్లో అదియే మనకు కావలసిన పానా సంఖ్య. మన పల్లెలలో తిరుగు 100 సి.సి. బండ్లలో చాలవాటికి ఈ బోల్టు తల 17 మిల్లీమీటర్లు. అట్లని అందరును 17 సంఖ్య పానాయే కొనరాదు. కంపెనీని బట్టి, నమూనాను బట్టి కొలత మారును. మీ బండి బోల్టును కొలిచిన తరువాతనే పానా కొనవలెను.

కొలుచుటకు వెర్నియరు ఉన్నచో మంచిదే. లేనిచో బండిని అంగడికే తీసికొనిపోయి, పానాను బోల్టు తలకు తొడిగి చూచి కొనుడు. సరియైన పానా కొద్దిపాటి నెట్టుడుతో లోనికి పోవలెను. పోయిన తరువాత అటునిటు ఆడరాదు. బోల్టు తలకు మట్టి, పాత ఆయిలు మడ్డి పట్టియున్నచో మొదట బ్రష్షుతో, గుడ్డతో తుడువవలెను. మడ్డి ఉండగా సరియైన పానాయు చివరి వరకు దిగదు. సగము దిగిన పానా జారును. తప్పు పానాది అని మనము పొరబడుదుము.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీలో కొందరి ఇండ్లలో పాత నీటి ఇంజనుతో వచ్చిన పానాలుండవచ్చును. వాటిలో చాలవాటి కొలతలు అంగుళములలో ఉండును. 11/16 అంగుళముల పానా అనగా సుమారు 17.5 మిల్లీమీటర్లు. అది 17 మిల్లీమీటర్ల బోల్టుకు చక్కగా ఎక్కును. సరిపోయినదని మనకు తోచును. కాని ఆ అర మిల్లీమీటరు సందులోనే మోసమున్నది. లాగినప్పుడు పానా పలకలను పట్టుకొనక మూలలను మాత్రమే నొక్కును. గట్టిగా బిగిసిన బోల్టయినచో మూలలు అరిగిపోవును. 3/4 అంగుళముల పానా మాత్రము 19 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపోవును. ఎందుకనగా 3/4 అంగుళములు 19.05 మిల్లీమీటర్లు. కావున పానా మీద చెక్కిన అంకెను చదువక ఏ పానాను వాడరాదు.

ఏ రకపు పానా మంచిది?

అంగడిలో పానాలు పలురకములు కనిపించును. వాటి గుణదోషములు తెలిసికొనిన తరువాత ఎన్నుకొనుట సులభము.

నోరు తెరచియుండు పానా బోల్టు తలను రెండు ప్రక్కల మాత్రమే పట్టుకొనును. వదులుగా ఉన్న నట్టును త్వరగా త్రిప్పుటకు ఇది మంచిది. బిగిసిన బోల్టును మొదట కదలించుటకు ఇది తగదు.

రింగు పానా తలను చుట్టును పట్టుకొనును. మన బలము ఆరు మూలలకును పంచబడును. అందువలన జారుట అరుదు. డ్రెయిన్ బోల్టుకు ఇది చాలును. రెండు కొసలను రెండు కొలతలుండు పానాలు మన అంగళ్ళలో దొరకును. 16, 17 సంఖ్యలు గల రింగు పానా ఒక్కటి కొన్నచో 17 మిల్లీమీటర్ల బోల్టు గల బండికి పని జరిగిపోవును.

సాకెట్టు గిన్నెవలె తలను మూసి పట్టుకొనును. లోపల ఆరు మూలలు గల సాకెట్లు, పన్నెండు మూలలు గల సాకెట్లు ఉండును. అంతకు ముందే కొంచెము అరిగిన బోల్టుకు ఆరు మూలలది మేలు. అది పలకలను వెడల్పుగా పట్టుకొనును.

స్క్రూపానాను ఆయిలు మార్చుటకు వాడవద్దు. బలము పడినకొలది దాని దవడ వెనుకకు జరుగును. కటింగ్ ప్లేయరు, పైపురెంచి, ఉలి, సుత్తి ఈ పనికి రావు. పైపురెంచి పండ్లు గుండ్రని గొట్టమును కరచి పట్టుకొనుటకు చేయబడినవి. బోల్టు పలకలమీద అవి చేయునది గాయమే.

పానా కొనునప్పుడు దాని నోటి అంచులు చూడుడు. అచ్చులో పోసిన గరుకు ఇనుము వద్దు. క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసినదని దానిపై చెక్కియున్నదా చూచుకొనవలెను. చవుక పానా నోరు రెండు మూడు సార్లకే సాగి వదులగును. కొడవలి కొనునప్పుడు ఉక్కు మంచిదా కాదా అని మ్రోగించి చూచు రైతుకు ఈ విషయము నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కొన్ని బండ్లకు ఆయిలు ఫిల్టరు కూడ ఉండును. దాని మూతకు చిన్న బోల్టులుండును. వాటి తల 8 లేక 10 మిల్లీమీటర్లు ఉండుట సాధారణము. వాటికి చిన్న సాకెట్టు గాని, టి ఆకారపు పానా గాని కావలెను. ఫిల్టరు మార్చినప్పుడు మూతకున్న రబ్బరు రింగును కూడ మార్చవలెను. ఫిల్టరుకు ఏ ప్రక్క లోనికి ఉండవలెనో తీయునప్పుడే గుర్తుపెట్టుకొనవలెను.

మిగిలిన సామగ్రి

పానా ఒక్కటియే చాలదు. పని మొదలుపెట్టక ముందే ఈ క్రింది వస్తువులు దగ్గర నుంచుకొనవలెను. బోల్టు ఊడదీసి, ఆయిలు కారుచుండగా ఇల్లంతయు వెదకుట చాలమందికి అనుభవమే.

మొదటిది, పాత ఆయిలు పట్టుటకు పాత్ర. రెండు లీటర్లు పట్టునట్టిది, ఇంజను క్రిందికి దూరునంత ఎత్తు తక్కువది కావలెను. ఐదు లీటర్ల ఆయిలు డబ్బాను పడుకోబెట్టి, పైకి వచ్చిన ప్రక్కను కోసినచో మంచి పళ్ళెము తయారగును.

రెండవది, గరాటు. మూడవది, మిల్లీలీటర్ల గీతలున్న కొలపాత్ర. ఈ రెండింటిని గురించి వ్యవసాయ శాస్త్రము చెప్పువానిగా ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పురుగుమందు పోయు గరాటును ఆయిలుకు వాడరాదు. ఆయిలు గరాటును మందు కలుపుటకు వాడరాదు. ఈ రెండింటిలో దేనిని కూడ మరల వంటింటిలోనికి రానీయరాదు. మందు గరాటులో మిగిలిన తడి, ఇసుక ఇంజనులోనికి పోవును. ఆయిలు అంటిన కొలపాత్రతో మందు కొలిచినచో ఆ ఆయిలు స్ప్రేయరులోనికి, అచ్చటినుండి పైరు ఆకుమీదకు పోవును. గరాటుకు రంగు పూసి "ఆయిలు" అని వ్రాసి విడిగా ఒక మేకుకు తగిలించుడు.

నాలుగవది, క్రొత్త వాషరు. డ్రెయిన్ బోల్టు తలకును ఇంజనుకును మధ్య మెత్తని అల్యూమినియము లేక రాగి వాషరు ఉండును. బిగించినప్పుడు అది నలిగి సందును మూయును. ఒకసారి నలిగినది రెండవసారి అట్లు నలుగదు. అప్పుడు చుక్క చుక్కగా ఆయిలు కారును. కారుచున్నదని మనము మరింత బిగింతుము. మరలు తెగును. ఇంజను గుల్లను పాడుచేయు దారి చాలసార్లు ఇక్కడనే మొదలగును. ఈ వాషరు ఖరీదు చాల తక్కువ. ఆయిలుతోపాటు ఒకటి కొని ఉంచుకొనుడు.

ఇవి గాక రెండు శుభ్రమైన గుడ్డలు, ఒక బ్రష్షు, రబ్బరు చేతితొడుగులు, అడుగున చూచుటకు టార్చిలైటు ఉండవలెను.

ఆయిలు ఎన్నుకొనుట

బండితో ఇచ్చిన చిన్న పుస్తకము పారవేయక దాచుకొనవలెను. ఏ ఆయిలు, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అను మూడు ప్రశ్నలకును జవాబు అందులో ఉండును. డబ్బాపై 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 అని అంకెలుండును. ఇవి ఆయిలు చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉండునో తెలుపు గుర్తులు. చిక్కని ఆయిలే బలమైనదనుకొని పుస్తకములో చెప్పనిది పోయరాదు.

ఇంకొక గుర్తు కలదు. మన మోటారు సైకిళ్ళలో చాలవాటికి క్లచ్చి పళ్ళెములు ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగును. కారు ఆయిళ్ళలో కొన్నింటికి రాపిడిని మరింత తగ్గించు పదార్థములు చేర్చియుందురు. అట్టి ఆయిలు పోసినచో క్లచ్చి పళ్ళెములు జారవచ్చును. ఇంజను అరచును గాని బండి లాగదు. అందువలన డబ్బాపై జాసో ఎంఏ లేక ఎంఏ2 అను గుర్తు ఉన్నదా, అది మీ పుస్తకములో చెప్పినదానితో సరిపోవునా అని చూచుకొనవలెను. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు మిగిలినదని మోటారు సైకిలుకు పోయుట మానవలెను.

పనిచేయు వరుస

బండిని చదునైన చోట నడిమి స్టాండుపై నిలుపుడు. ఇంజనును రెండు మూడు నిమిషములు నడిపి ఆపుడు. వెచ్చనైన ఆయిలు పలుచనై మడ్డితో సహా దిగిపోవును. దూరము తిరిగి వచ్చిన వెంటనే మాత్రము చేయరాదు. మరుగుచున్న ఆయిలు చేతిని కాల్చును. పొగగొట్టము కూడ వేడిగా ఉండును.

ఆయిలు పోయు మూతను ముందుగా వదులు చేయుడు. పాత్రను క్రింద పెట్టుడు. పానాను బోల్టు తలపై చివరి వరకు దించి, చేతితో నిలకడగా అదిమి పట్టి లాగుడు.

ఏ వైపునకు లాగవలెననునదే చాలమంది తడబడు విషయము. బోల్టు తలకు ఎదురుగా నిలిచి చూచినప్పుడు గడియారపు ముల్లు తిరుగు దిక్కు బిగింపు, దానికి ఎదురు దిక్కు సడలింపు. కాని డ్రెయిన్ బోల్టు తల నేలవైపు చూచుచుండును. మనము పైనుండి వంగి చూచునప్పుడు దిక్కు తారుమారుగా తోచును. సడలించుచున్నామనుకొని బిగించి మరలు తెంచినవారున్నారు. నేలమీద వెల్లకిల పడుకొని బోల్టును చూచుచున్నట్లు ఊహించుకొని, అప్పుడు దిక్కు నిర్ణయించుకొనుడు. అనుమానమున్నచో నిజముగనే పడుకొని చూడుడు. సిగ్గుపడనక్కరలేదు.

ఒకసారి సడలిన తరువాత పానా తీసివేసి చేతితో త్రిప్పుడు. చివరి చుట్టులలో బోల్టును పైకి నెట్టి పట్టి, పూర్తిగా ఊడినదని తెలిసినప్పుడు ఒక్కసారి ప్రక్కకు తీయుడు. ఇట్లు చేసినచో బోల్టు ఆయిలులో పడదు, చేయి తడియదు. కొన్ని నమూనాలలో అడుగున స్ప్రింగు, జల్లెడ కలిగిన పెద్ద మూత వేరుగా ఉండును. స్కూటర్లలో గేరు ఆయిలుకు వేరే బోల్టు ఉండును. ఏది దేనిదో పుస్తకములోని బొమ్మ చూచిన తరువాతనే చేయి పెట్టవలెను.

ఆయిలు చుక్కలు నిలిచిన తరువాత బోల్టును, అది కూర్చుండు చోటును శుభ్రమైన గుడ్డతో తుడువుడు. క్రొత్త వాషరు తొడుగుడు. బోల్టును తిరిగి పెట్టునప్పుడు మొదటి మూడు నాలుగు చుట్టులు వ్రేళ్ళతోనే త్రిప్పవలెను. సరిగా కూర్చున్న బోల్టు వ్రేళ్ళకు తేలికగా తిరుగును. మొదటి చుట్టులోనే బిర్రుగా ఉన్నచో వంకరగా ఎక్కుచున్నదని అర్థము. వెనుకకు త్రిప్పి, తీసి, మరల పెట్టవలెను. పానాతో బలవంతము చేయరాదు.

ఎంత బిగించవలెను?

బోల్టు ఉక్కుది. అది కూర్చుండు ఇంజను గుల్ల అల్యూమినియముది. రెండింటిలో మెత్తనిది గుల్ల. మీరు అతిగా బిగించినచో తెగునది బోల్టు కాదు, గుల్లలోని మరలు. బోల్టు పోయినచో వేరొకటి కొనవచ్చును. గుల్ల మరలు పోయినచో ఖర్చు ఎక్కువ.

బిగింపును కొలుచుటకు టార్క్ రెంచి అను పనిముట్టు కలదు. ఒక్క బోల్టు కొరకు రైతు దానిని కొనవలెనని నేను చెప్పను. మన ఇంటిలో కొక్కెము గల స్ప్రింగు త్రాసు ఉన్నచో అదియే పనిచేయును. పుస్తకములో బిగింపును న్యూటను మీటర్లలో గాని, కిలో మీటరు లెక్కలో గాని ఇచ్చియుందురు. న్యూటను మీటర్లను 10చే భాగించినచో సుమారుగా కిలో మీటరు లెక్క వచ్చును. ఉదాహరణకు పుస్తకములో 30 న్యూటను మీటర్లు అని ఉన్నదనుకొందము. అనగా 3 కిలో మీటరు లెక్క. బోల్టు మధ్య నుండి త్రాసు కొక్కెము తగిలించు చోటికి పానా పొడవు 20 సెంటీమీటర్లు, అనగా 0.2 మీటరు. 3ను 0.2చే భాగించినచో 15 వచ్చును. పానాకు కొక్కెము తగిలించి, పానాకు నిలువుకోణములో మెల్లగా లాగుడు. ముల్లు 15 కిలోలు చూపగనే ఆపుడు. ఆ బోల్టుకు అదియే సరియైన బిగింపు. మీ బండి పుస్తకములోని అంకెను, మీ పానా పొడవును వేసి మీరే లెక్క చేసికొనుడు.

రెండు మూడుసార్లు ఇట్లు చేసినచో ఆ బలము చేతికి అలవాటగును. పగ్గము ఎంత బిగించిన ఎద్దు మెడ ఒరయదో మీ చేతికి తెలిసినట్లే ఇదియు తెలియును. పానాకు గొట్టము తొడిగి మాత్రము ఎన్నడును బిగించవద్దు.

తరువాత ఫిల్టరు గల బండియైనచో దానిని మార్చి, పుస్తకములో చెప్పిన కొలతకు కొంచెము తక్కువగా క్రొత్త ఆయిలు పోసి, కొలపుల్లతో చూచి, మిగిలినది కొద్ది కొద్దిగా పోయవలెను. కొలపుల్లను మరలో త్రిప్పి చూచుట కొన్ని బండ్లకు, త్రిప్పక ఆనించి చూచుట కొన్ని బండ్లకు పద్ధతి. ఇదియు పుస్తకములోనే ఉండును. గీతకు తక్కువైనను, ఎక్కువైనను ఇంజనుకు మంచిది కాదు. మూత బిగించి, రెండు మూడు నిమిషములు ఇంజను నడిపి ఆపి, బోల్టు వద్ద తడి ఉన్నదేమో చూడుడు. కొంతసేపు ఆగి కొలపుల్లను మరల చూడుడు. తేదీని, మీటరులోని కిలోమీటర్లను ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు.

ఒకవేళ బోల్టు తల అప్పటికే అరిగియున్నచో, పానా ఒక్కసారి జారినచో, అక్కడనే ఆగుడు. ఆగుటయే ఆ సమయమున మంచి పనిముట్టు. సగము అరిగిన బోల్టును ఆరు మూలల సాకెట్టుతో మెకానిక్కు సులభముగ తీయగలడు. మనము నాలుగుసార్లు జార్చిన తరువాత తీసికొనిపోయినచో ఆయనకును ఉలియే దిక్కగును. అరిగిన బోల్టును తిరిగి పెట్టక క్రొత్తది వేయించుకొనుడు.

పాత ఆయిలు ఏమి చేయవలెను?

పాత ఆయిలు పనికిరానిదే గాని ప్రమాదము లేనిది కాదు. మాటిమాటికి చాలసేపు చర్మమునకు అంటియున్నచో చర్మపు క్యాన్సరునకు కారణము కావచ్చును. పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పశువుల పుండ్లకు, గోమార్లకు దానిని పూయు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది పూర్తిగా మానవలెను. పశువు తన ఒంటిని నాకుకొనును గదా.

నేలపై పోసినచో ఆయిలు మట్టిరేణువులను కప్పి, నీటిని, గాలిని లోనికి పోనీయదు. ఆ చోట విత్తనము మొలచుట కష్టము. కాలువలో పోసినచో నీటిపై పొరవలె వ్యాపించును. బావి గట్టున పోసినది ఎప్పటికైన బావిలోనికి చేరవచ్చును. పొయ్యిలో కాల్చినచో ఆ పొగ మంచిది కాదు. వాడిన ఆయిలును అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకు చేర్చవలెనని 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థముల నిబంధనలు చెప్పుచున్నవి. ఒక రైతు లీటరు ఆయిలుతో అంతదూరము పోజాలడు. కనుక పాత ఆయిలును మూత గట్టిగా ఉన్న ఆయిలు డబ్బాలోనే పోసి, పైన "పాత ఆయిలు" అని వ్రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, డబ్బా నిండినప్పుడు పాత ఆయిలు సేకరించు సర్వీసు కేంద్రమున ఇచ్చివేయుడు. చల్లని పానీయముల సీసాలలో మాత్రము పోయరాదు. పిల్లలు త్రాగుటకు అవకాశమున్నది. ఖాళీ పురుగుమందు డబ్బాలను కూడ దీనికి వాడరాదు.

చివరి మాట

ఈ సామగ్రి అంతయు ప్రతి ఇంటిలోను ఉండవలెనని లేదు. పది ఇండ్లవారు కలిసి ఒక మంచి రింగు పానాల పెట్టె, ఒక సాకెట్ల పెట్టె కొనుక్కొన్నచో ఆ వాడకు చాలును. అవే పానాలు పవర్ స్ప్రేయరుకు, నీటి ఇంజనుకు, కలుపు తీయు యంత్రమునకు కూడ పనికివచ్చును. ఒక ఇంటిలో ఉంచి, తీసికొన్నవారు తుడిచి తిరిగి ఇచ్చునట్లు ఏర్పాటు చేసికొనుడు. పెట్టె మూతలోపల ఒక కాగితము అంటించి, ఎవరి బండి బోల్టు ఎన్ని మిల్లీమీటర్లో, ఏ ఆయిలు ఎంత పట్టునో వ్రాసియుంచుడు. పొలమునకు ఏ ఎరువు ఎంత వేసితిమో వ్రాసికొన్నట్లే ఇదియు.

ఈ సాయంకాలము ఇంటికి పోయిన తరువాత మీరు ఆయిలు మార్చనక్కరలేదు. టార్చిలైటు తీసికొని, బండి అడుగున చూచి, బోల్టు తల ఆరు మూలలును నిలిచియున్నవా, తడి ఏమైన ఉన్నదా చూడుడు. మీ ఇంటిలోని పానాపై ఉన్న అంకెను చదువుడు. రెండును సరిపోవుచున్నచో మంచిదే. సరిపోనిచో రేపు పట్నమునకు పోవువారితో సరియైన పానా తెప్పించుకొనుడు. అర్ధరాత్రి బండి అవసరము పడినప్పుడు ఆ పానా సంగతి ఎవరికిని గుర్తుకు రాకుండుటయే మనకు కావలసినది.

మీ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉన్నాను. 17 సంఖ్య రింగు పానా, స్ప్రింగు త్రాసు ఇక్కడనే బల్లపై ఉంచితిని. బయట చెట్టు క్రింద నా బండి ఉన్నది. రండు, అందరము కలిసి దానిపైననే చేసి చూతము.